వార్తలు మాట్లాడని ఇంట్లో తెలుగు నిలవదు

ఈ పేజీలో ఇంతవరకూ ఉగాది ఓళిగల కొలతలు పెట్టాం, వంశవృక్షం పెట్టాం, అవ్వ పాడిన పెండ్లి పాటలు రాసి పెట్టాం. అందరూ బాగుందన్నారు. ఈసారి రాసేది అందరికీ బాగుండకపోవచ్చు. ఇది కొట్లాట రాత. కొట్లాట ఎవరితో అంటే, ఇంట్లో పదో తరగతి పిల్ల పేపరు చదివి ఒక మాట అంటే "నీకేంటికి పాపా ఆ ఊసులు, పోయి చదువుకో" అనే మన పెద్దలతోనే. వాళ్లు మాకు పరాయివాళ్లు కారు. అందుకే మెత్తగా చెప్పి వదిలేయడం మాకు చేతకాదు.

మా అన్న కూతురు సర్కారు హైస్కూల్లో కన్నడ మీడియంలో చదువుతోంది, మేమూ అట్లే చదివినవాళ్లం. ఎనిమిదో తరగతినుంచీ ఆ పిల్ల ఒక నోటుబుక్కు పెట్టుకుంది. కన్నడ పేపర్లో చదివినవి, టీవీలో విన్నవి, వాటిమీద తనకు తోచినవి అందులో రాస్తుంది. అక్షరాలు కన్నడవి, మాటలు సగం తెలుగు, సగం కన్నడం. ఎవరూ రాయమనలేదు, మార్కులూ లేవు. ఆ నోటుబుక్కు మా ఇంట్లో పెద్ద రచ్చ అయింది. పిల్ల ఒప్పుకున్నాకే అందులోని మూడు సంగతులు ఇక్కడ చెప్తున్నాం. ఆ మూడింటికీ పెద్దలు చెప్పిన అడ్డు మాటలు కూడా మూడే. ఈ మాటలు మా ఇంటివి మాత్రమే కావనీ, చింతామణిలోనూ బళ్లారిలోనూ హోసూరులోనూ ఇవే వినిపిస్తాయనీ మా నమ్మకం.

మొదటి మాట: "పరీక్షలు ముందు, వార్తలు తర్వాత."

వినడానికి న్యాయంగానే ఉంది. కానీ పరీక్షే వార్త అయినప్పుడు ఏం చేయాలి? 2024లో కర్ణాటకలో ఎస్సెస్సెల్సీ పరీక్ష గదుల్లో కెమెరాలు పెట్టి వెబ్‌కాస్టింగ్ చేశారు. ముందు ఏడు 83.89 ఉన్న ఉత్తీర్ణత శాతం 73.40కి దిగింది. అది కూడా గ్రేస్ మార్కులు 10 శాతం నుంచి 20 శాతానికి పెంచిన తర్వాత వచ్చిన అంకె. అదే ఏడు మే 5న దేశంలో 23 లక్షల మందికి పైగా పిల్లలు నీట్ రాశారు. పేపరు లీకైందని గొడవ లేచింది. 1,563 మందికి ఇచ్చిన గ్రేస్ మార్కులు రద్దు చేసి, కావాలన్నవాళ్లకు జూన్ 23న మళ్లీ పరీక్ష పెట్టారు.

ఈ రెండూ చదివి పిల్ల నోటుబుక్కులో ఒకే ప్రశ్న రాసుకుంది: "కెమెరా పెడితేనే ఇంత మంది తగ్గారంటే, కెమెరా లేనప్పుడు మాకు చదువు వచ్చిందో లేదో ఎవరికి తెలుసు?" ఇది పరీక్షను పక్కన పెట్టిన పిల్ల మాటా? పరీక్షను మనకంటే గంభీరంగా తీసుకున్న పిల్ల మాట. తన చదువును కొలిచే తూకం రాయి సరిగ్గా ఉందా అని అడుగుతోంది. సంతలో తూకంలో మోసం ఉందని అనుమానం వస్తే మనం గట్టిగా అడగమా? మార్కుల దగ్గర మాత్రం అడగకూడదా?

ఇంకొక సంగతి. గణితంలో 90 తెచ్చుకున్న పిల్లకు 83.89కీ 73.40కీ తేడా ఎంత, ఆ తేడా వెనక ఎన్ని వేల మంది ఉన్నారు అని లెక్క వేయడం రాకపోతే ఆ 90 దేనికి? పాఠం పుస్తకంలో ఉంటుంది, దాని పని వార్తలో ఉంటుంది. రెండింటి మధ్యా గోడ కట్టేది మనమే.

రెండో మాట: "చిన్నపిల్లలకేం తెలుసు?"

దీనికి జవాబుగా నీళ్ల సంగతి చెప్తాం. కోలారు జిల్లాలో నది లేదు అన్నంత పని. వేల చెరువులు తవ్వి బతికిన నేల ఇది. చెరువులు ఎండాయి, బోర్లు వెయ్యి అడుగులు దాటాయి, లోతునుంచి వచ్చిన నీళ్లలో ఫ్లోరైడు వచ్చింది. మన తాగునీటి ప్రమాణాల ప్రకారం ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము లోపల ఉండాలి, వేరే దారి లేకపోతే 1.5 వరకు ఓర్చుకోవచ్చు. మన తాలూకాల్లో చాలా బోర్లు ఆ గీత దాటినవే. ఎప్పటికీ ఉండే నీళ్లు కావాలని 2016 మార్చిలో ఇక్కడి రైతులు ట్రాక్టర్లు కట్టుకుని బెంగళూరు దారి పట్టారు. 2018 జూన్‌లో కె.సి. వ్యాలీ పథకం కింద బెంగళూరులో వాడి వదిలేసిన నీళ్లను శుద్ధి చేసి పంపితే మొదట లక్ష్మీసాగర చెరువుకు చేరాయి. రోజుకు 44 కోట్ల లీటర్లు పంపాలని పథకం. మరుసటి నెలే నురుగు కనిపించింది. విషయం కోర్టులకెక్కింది.

పిల్ల మొదట రాసింది ఒకే వాక్యం: "బెంగళూరువాళ్లు మంచి నీళ్లు తాగి మురికి నీళ్లు మనకు పంపుతాండారు." దాన్ని చూసి మా పెదనాయన మండిపడ్డారు. "ఆ నీళ్లు రాకముందు మా బాధ నీకు తెలుసా? పదమూడు వందల అడుగులు పోయినా దుమ్ము లేచేది. ఇప్పుడు బోర్లలో నీళ్లు ఎక్కినాయి" అన్నారు. ఆ మాటా నిజమే. చెరువులు నిండిన చోట భూగర్భ జలం పైకి వచ్చింది. అక్కడితో "పో, చదువుకో" అని ఉంటే పిల్ల తన వాక్యం పట్టుకుని ఉండిపోయేది, పెదనాయన తన కోపం పట్టుకుని ఉండిపోయేవారు.

మేము సాఫ్ట్‌వేర్ టెస్టర్లం. పొద్దున లేస్తే తప్పులు వెతకడమే మా జీతం. మా పనిలో "ఇది బాగలేదు" అని రాస్తే ఎవరూ తీసుకోరు. ఎక్కడ చూశావు, ఏం చేస్తే వచ్చింది, ఎట్లా ఉండాలి, ఎట్లా ఉంది, నీ దగ్గర రుజువేంది? ఈ అయిదూ ఉంటేనే అది తప్పు కింద లెక్క. ఆ అయిదు ప్రశ్నలే పిల్లకు ఇచ్చాం. నెల రోజులు తంటాలు పడింది. పేపర్లు తిరగేసింది, సైన్సు టీచరమ్మను అడిగింది, పెదనాయనతో రెండుసార్లు కొట్లాడింది. చివరికి వాక్యం ఇట్లా మారింది: "శుద్ధి రెండో దశతో ఆపి పంపుతున్నారు. మూడో దశ కూడా చేయాలని అడిగేవాళ్లున్నారు. నీళ్లు కావాలి కాబట్టి పథకం ఆపమనడం కాదు, మూడో దశ చేయమనాలి. ఏ చెరువులో నీళ్లు పరీక్షిస్తే ఏం వచ్చిందో ఆ ఊరి పంచాయతీ గోడమీద నెలనెలా అతికించాలి." పెదనాయన చదివి, "గోడమీద అతికించడం మంచి మాట" అన్నారు. ఆయన నోట మెచ్చుకోలు రావడం మా ఇంట్లో అరుదు.

చిన్నపిల్లలకు ఏం తెలుసు అంటే, మొదట మనకు తెలిసినంతే తెలుసు. ఒక మాట విని దాన్నే నమ్మడం. అడిగేవాళ్లుంటే వాళ్లు మనకంటే తొందరగా ముందుకు పోతారు. నోరు మూయిస్తే మాత్రం ఆ మొదటి మాట దగ్గరే ఆగిపోతారు. ఫోనులో వచ్చిన ప్రతి ఫార్వర్డునూ నమ్మి పదిమందికి పంపే పెద్దలు ఎట్లా తయారయ్యారనుకుంటున్నారు? పదిహేనేళ్ల వయసులో వాళ్లను ఎవరూ "రుజువేంది?" అని అడగలేదు.

పిల్లల మాట వినాలనేది మా ఇంటి కొత్త పిచ్చి కూడా కాదు. పిల్లలకు తమ సంగతుల్లో తమ అభిప్రాయం చెప్పే హక్కు ఉందని ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 12వ అధికరణంలో ఉంది, దాన్ని మన దేశం 1992లో ఒప్పుకుంది. కర్ణాటకలో గ్రామ పంచాయతీలు పిల్లల కోసం ప్రత్యేకంగా మక్కళ గ్రామసభ జరపాలని సర్కారు ఆదేశమే ఉంది. స్కూలుకు బస్సు లేదనీ, మరుగుదొడ్డికి తలుపు లేదనీ పిల్లలే లేచి అడిగే సభ అది. పంచాయతీ వినే మాట ఇంట్లో నాయన వినకూడదా?

మన గౌరిబిదనూరు తాలూకా హొసూరు పిల్లవాడు ఒకడు 1935లో కాలినడకన బెంగళూరు చేరి నేషనల్ హైస్కూల్లో చేరాడు. ఆయనే తర్వాత బెంగళూరు విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలర్ అయిన హెచ్. నరసింహయ్య. 1942లో చదువు మధ్యలో వదిలి జైలుకు పోయినాయన. బాగేపల్లికీ గౌరిబిదనూరుకూ నేషనల్ కాలేజీలు వచ్చింది ఆయన పట్టుదలవల్లే. దేన్నీ అడగకుండా ఒప్పుకోవద్దు అన్నది జీవితమంతా ఆయన పిల్లలకు చెప్పిన మాట. ఆయన పేరు తలచి చేతులు జోడించే ఇళ్లలోనే పిల్ల అడిగితే విసుక్కోవడం, ఇదేం లెక్క?

మూడో మాట అసలు మాట. మొదటి రెండూ దీనికి ముసుగులే అని మా అనుమానం. "మనం బతకనీకి వచ్చినోళ్లం. ఇక్కడి రాజకీయం మనకెందుకు?"

ఈ మాటలో భయం ఉంది, ఆ భయానికి కారణమూ ఉంది. 1991 డిసెంబరులో కావేరి గొడవల్లో బెంగళూరులో తమిళుల ఇళ్లమీదా అంగళ్లమీదా దాడులు జరిగినప్పుడు, పక్క వీధుల్లో ఉన్న మనవాళ్లు తలుపులు వేసుకుని చూశారు. తలవంచుకుని బతకడమే క్షేమం అని ఆ తరం నేర్చుకుంది. దాన్ని మేము ఎగతాళి చేయం.

కానీ 2024 జులైలో ఏం జరిగిందో చూడండి. ప్రైవేటు సంస్థల్లో మేనేజ్‌మెంట్ ఉద్యోగాల్లో 50 శాతం, మిగతా వాటిలో 70 శాతం స్థానికులకే అని కర్ణాటక మంత్రివర్గం ఒక బిల్లు ఒప్పుకుంది, పరిశ్రమలవాళ్లు గోల చేసేసరికి రెండు రోజుల్లో పక్కన పెట్టింది. స్థానికులంటే ఎవరు? కర్ణాటకలో పుట్టి, 15 ఏళ్లుగా ఇక్కడ నివాసం ఉండి, కన్నడం మాట్లాడను, చదవను, రాయను వచ్చినవాళ్లు. మా పిల్ల అది చదివి తన పేరు ఆ గీతకు లోపలే ఉందని చూసుకుంది. ఆ తర్వాత రాసిన వాక్యం మమ్మల్ని కూర్చోబెట్టింది: "బిల్లు నన్ను ఇక్కడిదానివే అంటాంది. మా తాత నన్ను బయటిదానివి అంటాడు. నేను ఎవరి మాట వినాల?"

జవాబు చెప్పండి. 2011 జనాభా లెక్కల్లో కర్ణాటకలో తెలుగు మాతృభాష అని చెప్పినవాళ్లు 5.84 శాతం, అంటే 35 లక్షల పైమాటే. వీళ్లలో ఎక్కువ మంది నిన్న బస్సు దిగినవాళ్లు కాదు, ఈ చెరువు కట్టలమీద తరాలుగా మన్ను పోసినవాళ్లు. 1938 ఏప్రిల్ 25న విదురాశ్వత్థంలో జెండా ఎత్తినందుకు పోలీసులు కాల్చితే ప్రాణాలు పోయినాయి. తెలుగు, కన్నడం కలిసి మాట్లాడే పల్లెల నడుమ ఉన్న ఊరు అది. ఆ రోజు అక్కడ చేరినవాళ్లు "ఇక్కడి రాజకీయం మనకెందుకు" అనుకోలేదు. పిల్లను బయటిదానివి అనడమంటే ఆ కట్టలనూ ఆ నెత్తురునూ కూడా బయట పడేయడమే.

పిల్ల అక్కడితోనూ ఆగలేదు. "నేను లోపల ఉండాను కాబట్టి తలుపు మూసేయమనడం న్యాయమా? మా వీధిలో కొత్త ఇల్లు కట్టను వచ్చిన ఒడిశా కూలీల పిల్లలు రేపు ఏమవుతారు?" అని రాసింది. దీనిమీద మా ఇంట్లో ఒప్పందం లేదు. స్థానికులకు ఉద్యోగాలు కావాలన్నది తప్పు కోరిక కాదని మాలో కొందరం అంటాం. కానీ ఒకటి మాత్రం అందరికీ గుర్తు చేయాలి. ఆ బిల్లు వచ్చినప్పుడు అనంతపురంనుంచి మన చుట్టాలు ఫోన్లు చేసి "మీ కర్ణాటకవాళ్లకు ఇదేం బుద్ధి" అన్నారు. పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకే అని 2019లోనే చట్టం చేసింది ఆంధ్రప్రదేశ్. హర్యానా చేసిన అట్లాంటి చట్టాన్ని 2023 నవంబరులో అక్కడి హైకోర్టు కొట్టేసింది. ఇవన్నీ పక్కపక్కన పెట్టి చూస్తేనే ఏది న్యాయమో, ఏది కేవలం మన పక్షమో తెలుస్తుంది. పక్కపక్కన పెట్టి చూసింది పెద్దలం కాదు, పదో తరగతి పిల్ల.

ఇప్పుడు ఈ పేజీకి సంబంధించిన మాటకు వస్తాం. మన తెలుగు ఎట్లా ఉంది? నిజం చెప్పుకుందాం. వంట, పండగ, పెండ్లి, చావు, చుట్టరికం, ఇంతే మిగిలింది. ఉద్యోగం ఇంగ్లీషులో, అంగడి కన్నడంలో, సినిమా మాత్రం తెలుగులో. పిల్లలకు "చారులో ఉప్పు తక్కువైంది" అనను వస్తుంది, "ఈ పథకంలో లోపం ఇది" అనను రాదు. పిల్లలకు భాష రాదని మనం ఏడుస్తాం. వాడే చోటు ఇవ్వకుండా భాష ఎట్లా వస్తుంది?

నీళ్ల రచ్చ జరిగిన నెలలో మా ఇంట్లో ఏమైందో వినండి. పిల్ల "చెరువు కోడి పడింది" అంది. కన్నడంలో చెరువు నిండి పొర్లడాన్ని అట్లా అంటారు. చిన్నపిల్లలు చెరువులో కోడి పడిందనుకుని నవ్వారు. అప్పుడు పెదనాయన "మన తెలుగులో మరవ పారింది అంటారు" అని చెప్పారు. అక్కడినుంచి తూము వచ్చింది, ఆయకట్టు వచ్చింది, నీళ్లు పంచే నీరుగంటి వచ్చాడు, ఎవరి మడికి ఎన్ని గడియలు నీళ్లు అనే లెక్క వచ్చింది. ఇరవై ఏళ్లుగా ఆయన నోట రాని మాటలు అవి. మేము ఈ పేజీ కోసం "పాత మాటలు చెప్పండి" అని రికార్డరు పెట్టి అడిగితే ఆయనకు ఒక్కటీ గుర్తు రాలేదు. కొట్లాటలో అన్నీ వచ్చినాయి. పని పడితేనే మాట లేస్తుంది. అద్దాల బీరువాలో పెట్టిన మాట లేవదు.

అందుకే అంటున్నాం: ఇంట్లో వార్తల గురించి వాదించుకోవడం వారసత్వానికి బయటి పని కాదు. భాషను నిలబెట్టేది అదే. పాటలు దాచండి, ఓళిగలు చేయండి, మేమూ చేస్తాం. కానీ ఒక భాషలో కోపం, అనుమానం, న్యాయం మాట్లాడలేకపోతే అది పండగ బట్ట అవుతుంది. ఏడాదికి రెండుసార్లు కట్టి మడత పెట్టేదవుతుంది.

ఇంకో భయం ఉందని తెలుసు. పిల్ల ఏదో రాసి ఫోనులో పెడితే, ఎవరో పట్టుకుని రచ్చ చేస్తే? ఆ భయం సరైనదే. దానికి మందు మాత్రం నోరు మూయించడం కాదు. ఇంట్లో మాట్లాడను చోటు లేని పిల్లే ఫోనులో మాట్లాడుతుంది. అక్కడ రుజువు అడిగేవాళ్లు ఉండరు, రెచ్చగొట్టేవాళ్లు ఉంటారు. ఇంట్లో నాలుగుసార్లు దెబ్బ తిన్న అభిప్రాయం బయటికి పోతే నిలుస్తుంది. బయట పెట్టేదీ పెట్టనిదీ ఏదో ఇంట్లోనే కూర్చుని తేల్చుకోవచ్చు.

మేము అడిగేది పెద్ద పని కాదు. వారానికి ఒక రోజు, రాత్రి తిండి అయ్యాక అరగంట. టీవీ ఆపండి. పిల్ల ఒక వార్త తెస్తుంది, తెలుగులో చెప్తుంది. మాట దొరక్కపోతే కన్నడంలో చెప్పనీండి, తెలుగు మాట పెద్దలు అందివ్వండి. ఎక్కడ చూశావు, ఎట్లా ఉండాలి, ఎట్లా ఉంది, రుజువేంది అని అడగండి. అదే ప్రశ్న పిల్ల మిమ్మల్ని అడిగితే కోపం చేసుకోకండి. "నాకు తెలీదు, చూద్దాం" అంటే పెద్దరికం ఏమీ తగ్గదు. ఆడపిల్లకూ మగపిల్లవాడికీ సమంగా వంతు ఇవ్వండి. మగపిల్లవాడు మాట్లాడితే "లాయరు అవుతాడు" అని మురిసి, ఆడపిల్ల మాట్లాడితే "నోరు ఎక్కువ" అనే ఇళ్లు మనలో ఎన్ని ఉన్నాయో మనకు తెలుసు.

1989లో ఓటు వయసు 21 నుంచి 18కి దిగింది. పదో తరగతి పిల్ల ఇంకో మూడేళ్లకు ఓటేస్తుంది. పద్దెనిమిదో పుట్టినరోజు పొద్దున లేచేసరికి బుద్ధి దానంతట అది రాదు. అది ఇప్పుడు, ఈ ఏడు, మన వసారాలో, మన మాటల్లో తయారు కావాలి. "నీకేంటికి" అన్న మాట మానేయండి. దాని బదులు "నీకేమనిపిస్తాంది?" అని అడిగి చూడండి. జవాబు నచ్చకపోతే కొట్లాడండి, తెలుగులో కొట్లాడండి.